కోత లేని ఆపరేషన్

ఆ ఏడు శివరాత్రికి నాలుగు రోజుల ముందు మా బాపు నల్లమద్ది దుంగను టేకు అన్నాడు.

వేరే ఎవరైనా అంటే నవ్వి ఊరుకునే మాట. కోదాడలో కట్టెకోత మిషను మీద పాతికేళ్ళు పనిచేసిన ఫకీరా నోట మాత్రం రాకూడని మాట. దుంగ మీద రంపం ఒక్క జానెడు నడిస్తే చాలు, మా బాపు రాలిన పొట్టు చిటికెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని చెప్పేవాడు. ఇది టేకు. ఇది జిట్రేగి. ఇది వేప, నీళ్ళు పారే గట్టు మీద పెరిగింది. బేరంలో పేచీ వస్తే మిల్లు యజమాని గోపాల్ సారు కూడా "ఫకీరాను పిలువుండ్రి, గాయన ముక్కు చెప్తది" అనేవాడు. అట్లాంటి మనిషి పదిమందిలో నల్లమద్దిని టేకు అన్నాడు. కొనడానికి వచ్చినాయన విరగబడి నవ్వాడట.

ఈ సంగతి నాకు చెప్పింది దుంగకు రెండో కొస పట్టే పెద్దులు. "మీ నాయిన ముక్కుకు సెలవిచ్చిండు కొడుకా. రక్తం గూడ కారుతున్నది. మాకు కనపడకుంట పొట్టుల తుడుస్తుండు," అన్నాడు.

నేను అప్పుడు మిర్యాలగూడలో ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెప్పేవాణ్ణి. మాది నడిగూడెం దగ్గర బీక్యా తండా. తండాలో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. అందుకని జ్వరం మాత్ర దగ్గర నుంచి కోర్టు కాగితం దాకా అన్నీ నన్నే అడిగేవాళ్ళు. నాకు తెలిసింది తక్కువ. తెలియదని చెప్పడానికి మాత్రం నోరు వచ్చేది కాదు. జరిగిన తప్పంతా అక్కడే ఉంది.

ఆదివారం తండాకు వెళ్ళాను. మా ఇంట్లో మాట లంబాడీ, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. మా యాడి, అంటే అమ్మ, గౌరీబాయి పొయ్యి దగ్గర కూర్చుని రొట్టె తింటోంది. బాపు గడప దగ్గర తింటున్నాడు. వాళ్ళిద్దరూ ఒకే పళ్ళెం దగ్గర కూర్చునేవాళ్ళని గుర్తుంది. రాత్రి మంచాలు వాకిట్లో వేస్తే యాడి తన మంచం అడ్డంగా తిప్పుకుంది.

"ఏందే యాడీ, గట్లేసుకున్నవ్?"

"గాలి గా దిక్కుకెల్లి వస్తది," అంది.

గాలి ఏ దిక్కు నుంచీ రావడం లేదు. నేను మళ్ళీ అడగలేదు.

బాపును సూర్యాపేటలో ముక్కు డాక్టరుకు చూపించాను. ఆయన లైటు వేసి చూసి, ముక్కు ఒక పక్కే మూసుకుపోయింది, ఆ పక్కే రక్తం, పైగా కట్టె పొట్టులో పని అని మూడు వేళ్ళు మడిచి, "ఆలస్యం చేయొద్దు, హైదరాబాదుకు పో," అని చీటీ రాశాడు. హైదరాబాదు బస్సులో బాపు పక్కన కూర్చున్నాను. బస్సు సూర్యాపేట వదలగానే నాకు ఒక వాసన తగిలింది. పాడైన మాంసం లాంటి వాసన. ముందు సీటు కింద ఎవరో ఏదో తెచ్చారనుకున్నాను. నకిరేకల్ దగ్గర ముందు సీటు వాళ్ళు దిగిపోయారు. వాసన దిగలేదు. దుమ్ము అని చెప్పి రుమాలు ముక్కుకు కట్టుకున్నాను. బాపు కిటికీలో నుంచి చెట్లు చూస్తూ, "గవన్నీ తుమ్మలే. పనికి రావు," అంటున్నాడు.

హైదరాబాదు దవాఖానలో మమ్మల్ని చూసిన డాక్టరమ్మ పేరు సత్యవతి. చీటీ మీద కోదాడ మిల్లు అని చూసి, "అయితే మా ఊరే అన్నమాట. మా పుట్టింటి తలుపులు మీ మిల్లులోనే కోయించారు," అంది. బాపుకు ఆ ఒక్క మాటతో సగం భయం పోయింది. పెన్ను అంత సన్నటి ఉక్కు గొట్టం ముక్కులోకి పెట్టి, పక్కన టీవీ చూపించింది. గొట్టం కొసన దీపం, కెమెరా రెండూ ఉన్నాయి. టీవీలో ఎర్రటి గోడలు, తడి, మధ్యలో బూడిద రంగు ముద్ద.

"గది నా ముక్కేనా మేడం?"

"మీదే."

"గింత జాగ ఉన్నదా లోపట!" అన్నాడు బాపు.

ముక్క తీసి పరీక్షకు పంపారు. వారం తర్వాత డాక్టరమ్మ నన్ను ఒక్కణ్ణే పిలిచింది. స్కానింగ్ ఫిల్ము దీపం పెట్టె మీద పెట్టి నిదానంగా చెప్పింది. క్యాన్సరే. రెండు కళ్ళ మధ్య ఉండే గదుల్లో పుట్టింది. గట్టి కట్టె పొట్టు ఏళ్ళ తరబడి పీల్చేవాళ్ళలో ఇది ఎక్కువ. పైన మెదడుకూ దానికీ మధ్య కోడిగుడ్డు పెంకంత ఎముక ఉంటుంది. గడ్డ ఇంకా దాన్ని దాటలేదు.

"మునుపైతే ముక్కు పక్కనుంచి కోసి, ముఖం తెరిచి తీసేవాళ్ళం. ఇప్పుడు ఇట్లాంటి కొన్నింటిని ముక్కు రంధ్రంలో నుంచే, టీవీలో చూసుకుంటూ తీయగలుగుతున్నాం. అందరికీ కుదరదు. మీ నాన్నగారికి కుదురుతుంది. కానీ ఒక మాట గుర్తుపెట్టుకోండి. నేను కంటికి కనపడింది తీస్తాను. కనపడనిది మిగలొచ్చు. దానికి రేడియేషన్ తప్పనిసరి, ఆపరేషన్ అయిన ఆరు వారాల్లోపు మొదలుకావాలి. ఈ జబ్బు పేరు ఆయనకు నేను చెప్పనా, మీరు చెబుతారా?"

"నేనే చెప్త మేడం. మా భాషల చెప్తే మంచిగుంటది."

బయట వేపచెట్టు కింద బాపు బీడీ ఆర్పి లేచి నిలబడ్డాడు. మా భాషలో ఆ జబ్బుకు పేరు లేదు. తెలుగులో ఉంది. రాచపుండు. ఆ జబ్బని తేలినవాళ్ళను మా తండాలో ఇంటికి తెచ్చుకునేవాళ్ళే గాని దవాఖానకు తీసుకుపోయేవాళ్ళు లేరు. నా నోరు ఆ మాట దగ్గర దాకా పోయి పక్కకు తిరిగింది.

"కండ పెరిగిందట బాపు. దుర్మాంసం. తీసేస్తరట."

"గంతేనా?" అన్నాడు బాపు.

"గంతే."

ఉగాది వారంలో ఆపరేషన్ అయింది. నాలుగు గంటలు పట్టింది. మూడో రోజు ముక్కులోని గుడ్డ తీశాక బాపు అద్దం అడిగాడు. నొసటి నుంచి గడ్డం దాకా వేలితో తడిమి చూసుకున్నాడు. దుంగ మీద నెర్రె వెతికే చెయ్యి అది. ఎక్కడా ఏమీ దొరకలేదు. అద్దం తిరిగి ఇచ్చేశాడు. ఏమీ అనలేదు.

అనేవాళ్ళు తండాలో ఉన్నారు. మేము దిగిన సాయంత్రమే మా మేనమామ భద్రు వచ్చి బాపు గడ్డం పట్టుకుని దీపం వైపు తిప్పాడు.

"ఏది బావా, జర ఇటు తిప్పు. ఇగ అటు తిప్పు. కుట్లేవి?"

"లేవు."

"మా చిన్నదానికి కడుపునొప్పి ఆపరేషనుకు సూర్యాపేటల జానెడు కోత పెట్టిండ్రు. నీకు హైదరాబాదుల గోటి గీత లేదు. నాలుగు గంటలు లోపట ఏం జేసిండ్రు, అష్టాచెమ్మ ఆడిండ్రా?"

అందరూ నవ్వారు. బాపు కూడా నవ్వాడు. కానీ ఆ నవ్వులో ఆలోచన ఉంది.

"ముక్కులకెల్లి తీసిండ్రు మామా. టీవీల సూసుకుంట," అన్నాను.

"టీవీల మనుషులు ఆకాశంల ఎగురుతరు గూడ. సదువుకున్నోనివి, నీకేదో జెప్పి నమ్మిచ్చిండ్రు రా," అన్నాడు భద్రు మామ. "మళ్ళ రమ్మన్నరా?"

"మేలో రావాలె. నెలన్నర కరెంటు పెట్టాలె."

రేడియేషన్‌కు మా దిక్కు అందరూ అనే మాట అదే, కరెంటు పెట్టుడు. నేనూ అదే అన్నాను. బాపు నవ్వు ఆగిపోయింది. మిల్లులో మోటారుకు అతుక్కుని చనిపోయిన మనిషిని కట్టెతో కొట్టి విడిపించింది బాపే.

"కోత పెట్టరట, కరెంటు పెడతరట!" అన్నాడు భద్రు మామ లేస్తూ. "మంచి దవాఖాననే."

ఆ తర్వాత ఇంట్లో ఒకే పని క్రమం తప్పకుండా నడిచింది. ముక్కు లోపల చెక్కులు కట్టకుండా రోజూ రెండుసార్లు ఉప్పునీళ్ళతో కడగాలని డాక్టరమ్మ చెప్పింది. యాడి పొద్దున్నే నీళ్ళు మరిగించి, ఉప్పు వేసి, గోరువెచ్చగా అయ్యాక, సూది లేని పెద్ద సిరంజితో బాపు ముక్కులోకి కొట్టేది. బాపు బేసిను మీదికి వంగి "అబ్బబ్బ, పానం తీస్తున్నవ్ గదనే," అని తిట్టేవాడు. యాడి ఆ పడిన నీళ్ళు పారబోసే ముందు బేసిను ముఖం దగ్గరికి తీసుకుని చూసేది. రక్తం ఉందేమోనని చూస్తోందనుకున్నాను.

ఏప్రిల్ చివర బడికి సెలవులిచ్చారు. నేను తండాకు వచ్చేసరికి బాపు ఇంట్లో లేడు. కోదాడ పోయాడు. నేనూ పోయాను. పొట్టు లేచే చోటికి వెళ్ళొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. బాపు లోపల రంపం దగ్గర లేడు గాని, బయట దుంగల కుప్ప మీద కూర్చున్నాడు. ఎండ మాడ్చేస్తోంది.

"నువ్వు గీడికి రావద్దు గదా బాపు."

"రంపం ముట్టలే. దుంగలు సూస్తున్న. గిది సూడు." గొడ్డలి మడమతో ఒక దుంగను కొట్టాడు. బయటికి నున్నగా, దిట్టంగా ఉంది. "ఇన్నవా సప్పుడు?"

నాకేమీ తెలియలేదు.

"లోపట పుచ్చు." బెరడు మీద చీమ పట్టేంత బొక్క చూపించాడు. "గిది పురుగు పోయిన తొవ్వ. బయటికి గింతే. లోపట ఇల్లు కట్టుకున్నది."

నాకు సందు దొరికిందనిపించింది. "డాక్టరమ్మ గూడ గట్లనే పోయింది బాపు. ఉన్న తొవ్వలకెల్లే పోయి తీసింది. అందుకే కోత లేదు."

బాపు నా వైపు జాలిగా చూశాడు. "పురుగును పట్టనీకి పురుగు తొవ్వల ఎవలన్న పోతరా? దుంగ కొయ్యాలె. కోత పడితెనే లోపట ఏమున్నదో తెలుస్తది. పాతికేండ్లు చేసిన పని గదా బేటా నాది." గొడ్డలి పక్కన పెట్టాడు. "అయినా పుచ్చు అని నాకెవలు చెప్పిండ్రు? కండ అని నువ్వే చెప్తివి. కండ వేరు, పుచ్చు వేరు. కండకు కరెంటెందుకు?"

నేను అల్లిన వల నా మెడకే తగిలింది. అప్పుడు చెప్పాల్సింది. పెద్దులు లోపలి నుంచి "సైన్సు సారు వచ్చిండు, చాయ్ తాపుదాం," అని కేకేశాడు. ఆ చాయ్‌తో పాటు ఆ మాట కూడా మింగాను.

ఆరు వారాలు నిండటానికి రెండు రోజులు మిగిలాయి. నేను సంచి సర్దాను. బాపు ఆ సంచి వైపు చూడటం లేదు. పొద్దున్నే యాడి ఉప్పునీళ్ళు తెచ్చింది. బాపు బేసిను ముందు కూర్చున్నాడు. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను.

"ఎల్లుండి పోవాలె బాపు."

"పోను అని చెప్పిన గదా. ఏమన్న ఉంటే గద తీస్తరు. ఏం లేనికాడ ఏం తీసిండ్రు? ఇగ ఖతం జెయ్ ఆ ముచ్చట."

యాడి సిరంజిలోకి నీళ్ళు లాగింది. కొట్టలేదు. చేతిలో పట్టుకునే అడిగింది.

"ఒకటి అడుగుత, చెప్తవా? నేను నీ దిక్కు తిరిగి పండుకోక ఎన్ని దినాలయింది?"

బాపు తల ఎత్తాడు. "పిల్లగాని ముంగట ఏం మాటలే గవి!"

"సదువుకున్న పిల్లగాడే. విననియ్. పోయిన ఎండకాలం సంది పండలే. మంచం గూడ తిప్పుకున్న. నీకేమనిపిచ్చింది?"

బాపు బేసినులోకి చూశాడు. "కోపమొచ్చిందేమో అనుకున్న," అన్నాడు. "ఎందుకో తెల్వక అడగలే."

"కోపం గాదు. వాసన."

వాకిట్లో కోడి ఒకటి గింజల కోసం నేల గీరుతోంది.

"సచ్చిన ఎలుక వాసన. నీ ఊపిరిల. నీకేమో ముక్కు పనిచెయ్యకపాయె. చెప్తె నువ్వు మూతికి తువ్వాల కట్టుకొని తిరుగుతవ్, ఎవల కాడ కూసోవు. గందుకని చెప్పలే. నేనే జరిగిన." యాడి గొంతులో ఏడుపు లేదు. రొట్టెల లెక్క చెప్పినట్టే చెబుతోంది. "ఆపరేషన్ అయివచ్చినంక గూడ కొన్ని దినాలు ఉండె. గీ నీళ్ళు కొట్టుకుంట, రోజు బేసిను వాసన సూసిన. తగ్గుకుంట తగ్గుకుంట వచ్చింది. ఇప్పుడు ఐదు దినాల సంది లేదు. రాత్రి నీ దిక్కు తిరిగే పండిన. నువ్వు సూడలే. గుర్రు పెట్టుకుంట పన్నవ్."

బాపు తల తిప్పి వాకిట్లోని మంచాల వైపు చూశాడు.

"కోత ఉంటే ఉన్నది, లేకుంటే లేదు. లోపటికెల్లి ఒకటి అయితే తీసిండ్రు. భద్రుకేం తెలుసు? వాడు నీ పక్కన పండిండా?"

నాకు నవ్వూ ఏడుపూ రెండూ వచ్చాయి. బస్సులో రుమాలు కట్టుకున్న మధ్యాహ్నం గుర్తొచ్చింది. నేను మూడు గంటలు భరించలేకపోయిన దాన్ని ఆమె ఏడాది భరించింది. దానికి గాలి దిక్కు అని పేరు పెట్టింది.

బాపు నా వైపు తిరిగాడు.

"బేటా. అది కండేనా?"

"కాదు బాపు."

"మరేంది?"

మా మాటల మధ్య ఆ ఒక్క మాట తెలుగులో చెప్పాను. "రాచపుండు."

బాపు తువ్వాలతో మెల్లగా ముఖం తుడుచుకున్నాడు. తడి లేకపోయినా తుడుచుకున్నాడు.

"మళ్ళ వస్తదా?"

"రావచ్చు. కరెంటు పెట్టిచ్చుకుంటే రాకపోయేదే ఎక్కువ అని చెప్పిండ్రు."

"ఆ కరెంటు మన మోటరు కరెంటేనా?"

"కాదు. ఎక్స్‌రే తీస్తరు చూడు, గసొంటిదే. మీద ఏం తగలది. పది నిమిషాలు కదలకుంట పండుకుంటే అయిపోతది."

"గా ముచ్చట ముందుగాల్నే చెప్పొచ్చు గద, సైన్సు పంతులూ!" అన్నాడు బాపు. తిట్టినట్టే అన్నాడు గాని చెయ్యి నా మోకాలి మీద వేశాడు. తర్వాత యాడి వైపు తిరిగి బేసిను మీదికి వంగాడు. "కొట్టు మరి. నీళ్ళు సల్లారుతున్నయ్."

సిరంజి సగం ఖాళీ అయ్యాక, వంగినవాడు వంగే ఉండి అడిగాడు. "ఎల్లుండి బస్సు ఎన్నింటికి?"

ఆరు వారాలు దవాఖాన దగ్గర ఒక గది కిరాయికి తీసుకుని ఉన్నాం. శని, ఆదివారాలు పోగా ముప్పై రోజులు కరెంటు. నోరు పూసింది, ఎడమ కన్ను ఎర్రబడింది, ఆ పక్క మీసం సగం రాలింది. బాపు మిగిలిన సగం కూడా గీయించుకున్నాడు. యాడి అంబలి కాచి చల్లార్చి తాగించేది. మేం తండాకు తిరిగి వచ్చేసరికి వానలు పడి పత్తి మొలకెత్తింది. భద్రు మామ వచ్చాడు. ఈసారి బాపు ముఖం తిప్పి చూడలేదు. మీసం లేని ముఖం చూసి, "ఇప్పుడు జర ఆపరేషన్ లెక్క కనపడుతున్నది," అన్నాడు.

ఆ తర్వాత చూపించుకోవడానికి పోయినప్పుడు డాక్టరమ్మ మళ్ళీ టీవీ పెట్టింది. గోడలు నున్నగా ఉన్నాయి. బూడిద ముద్ద లేదు. మూడు నెలలకొకసారి రావాలని, వాసన పట్టే శక్తి మాత్రం ఇక రాదని, పొట్టు జోలికి ఎప్పటికీ పోవద్దని చెప్పింది. బాపు వాసన సంగతి రెండుసార్లు అడిగి ఊరుకున్నాడు.

గోపాల్ సారు బాపును రంపం దగ్గర నుంచి తీసి బయట దుంగల మీద పెట్టాడు. కొట్టి చూసి మంచి చెడ్డ చెప్పడం, సుద్దతో గుర్తు పెట్టడం. చెవి ఉంది, కన్ను ఉంది. ముక్కు లేని లోటు మాత్రం బాపుకు తీరలేదు. వాన ఆగిన ఒక సాయంత్రం తువ్వాల కొసకు మూడు చెక్కపేళ్ళు కట్టుకుని వచ్చాడు. మంచం మీద కూర్చుని యాడి ముందు పరిచాడు.

"వాసన సూడు. గిది టేకు, గిది నల్లమద్ది, గిది జిట్రేగి. మంచిగ పట్టుకో."

"నాకెందుకయ్యా కట్టెల సదువు?"

"నా ముక్కు నీ కాడనే ఉన్నది గద. పని నేర్సుకోనియ్."

యాడి నవ్వుతూ ఒక్కొక్క పేడు ముక్కు దగ్గర పెట్టుకుంది. బాపు వాటిని వెనక కలిపేసి మళ్ళీ చేతికిచ్చాడు. ఆమె కళ్ళు మూసుకుంది. "టేకు," అంది. తప్పు. "నల్లమద్దినే అది! నువ్వు గూడ నా లెక్కనే ఉన్నవ్," అని బాపు పకపకా నవ్వాడు. శివరాత్రి తర్వాత నేను ఆ నవ్వు వినడం అదే మొదలు.

యాడికి రోషం వచ్చింది. పేళ్ళు పక్కన పడేసి, మంచం మీదికి వంగి, బాపు ముఖానికి ముఖం ఆనించినంత దగ్గరగా పోయి ఊపిరి పీల్చింది.

"గిదేం కట్టెనే?" అన్నాడు బాపు కదలకుండా.

"పేరు తెల్వది," అంది యాడి. "గని పుచ్చు లేదు."